‘నరాల గోలీ’కి చీటీ వ్రాసేదెవరు?

పార్లమెంటులో ప్రశ్నోత్తరాల పత్రాలను ఏళ్ల తరబడి తిరగవేసినవారికి ఒక సంగతి సుపరిచితం. మందుల విషయమై ఏ సభ్యుడు ఏ ప్రశ్న వేసినా, సమాధానంలో రెండు మాటలు తప్పక దొర్లుతాయి. ప్రజారోగ్యం రాష్ట్రాల బాధ్యత అన్నది మొదటిది. చట్టంలో తగిన నిబంధనలు ఉండనే ఉన్నవి అన్నది రెండవది. రెండూ అసత్యాలు కావు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలోని 6వ అంశం. ఔషధాలు, విషాలు ఉమ్మడి జాబితాలోని 19వ అంశం. ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి వలసపోవడం కేంద్ర జాబితాలోని 81వ అంశం. అయితే ఒకే మనిషి, ఒకే రోజున, ఒకే నొప్పితో ఈ మూడు జాబితాలలోనూ నిలబడి, ఏ జాబితాకూ చెందకుండా పోవచ్చునన్న సంగతి ఈ విలేఖరికి ఢిల్లీలో తెలియలేదు. సూరత్ లో తెలిసింది.

సూరత్ అనగానే రాజకీయ పాఠకునికి 1907 నాటి కాంగ్రెసు మహాసభ, మితవాదులూ అతివాదులూ విడిపోయిన రభస గుర్తుకు రావడం సహజం. వర్తకునికి వజ్రాలు గుర్తుకు వస్తాయి. గృహిణికి చీరలు గుర్తుకు వస్తాయి. కాని కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలలోని పద్మశాలి కుటుంబాలకు సూరత్ అంటే కొడుకో, అల్లుడో, మేనల్లుడో పనిచేస్తున్న ఊరు. చేతిమగ్గానికి గిరాకీ సన్నగిల్లిన కొద్దీ ఆ కుటుంబాలు షోలాపూర్ కు, భీవండికి, బొంబాయికి, సూరత్ కు తరలిపోయాయి. 1934లో వెలసిన వరంగల్ ఆజంజాహి మిల్లు 2002లో మూతబడడంతో సొంతగడ్డపై మిగిలిన ఒక పెద్ద ఆధారం కూడా పోయింది. సూరత్ లోని లింబాయత్, ఉధనా ప్రాంతాలలో ఈనాటికీ వీధి అరుగులపై తెలుగు వినిపిస్తుంది. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతున్నదంటే, మనవారి సంఖ్య ఏపాటిదో ఊహించుకోవచ్చు.

ఒక చీటీ, ఇద్దరు రోగులు

లింబాయత్ లో ఒక ఇరుకు గదిలో నేను కలుసుకున్న దంపతుల పేర్లు ఇక్కడ అనవసరం. ఆయనకు యాభై దాటాయి. కరీంనగర్ ప్రాంతంనుంచి ఇరవై ఏళ్లనాడు వచ్చాడు. కార్ఖానాలో పన్నెండు గంటల పాళీ. పలు మరమగ్గాల నడుమ తిరుగుతూ, తెగిన పోగు అతకడం, అయిపోయిన కండె మార్చడం పని. కూలి మీటరు లెక్కన. కూర్చుంటే మీటరు కదలదు, కనుక కూర్చోడు. నడుమునుంచి పిక్కవరకు జివ్వుమని లాగే నొప్పి ఆయనకు ఏడాదిగా ఉన్నది. ఆమె ఇంటిపట్టున చీరలకు లేసులు కుడుతుంది. ఆమెకు మధుమేహం. రాత్రి అయితే అరికాళ్లు మండుతాయి, సూదులతో పొడిచినట్లుంటాయి, దుప్పటి తగిలినా ఓర్వలేదు.

రెండేళ్లనాడు స్వగ్రామం వెళ్లినప్పుడు అక్కడి ఆసుపత్రిలో డాక్టరు ఆమెను పరీక్షించి, ప్రెగాబాలిన్ అనే మందు వ్రాసి ఇచ్చాడు. ఆ చీటీని ఆమె ప్లాస్టిక్ సంచిలో పెట్టి భద్రంగా దాచుకున్నది. కాని ఇప్పుడు దాని అవసరం లేదు. ఖాళీ అయిన మాత్రల పట్టీ చూపితే చాలు, దుకాణదారు కొత్త పట్టీ ఇస్తాడు. అతని భాషలో దాని పేరు ‘నస్ కీ గోలీ’. మనవారి నోట అది ‘నరాల గోలీ’.

మంచి మందే, గుణం కూడా కనిపించింది. చిక్కు ఆ తరువాత మొదలైంది. భార్యకు పనిచేసిన మాత్ర తనకు మాత్రం ఎందుకు పనిచేయదని భర్త అనుకున్నాడు. నొప్పి మిక్కుటమైన రోజులలో ఆమె పట్టీలోనుంచి ఒకటి తీసుకొని వేసుకోవడం మొదలుపెట్టాడు.

“నెల గోలీలు ఇర్వై దినాలకే అయిపోతయి సార్. మల్ల కూలి పైసలు వచ్చెదాంక ఆగాలె. ఆ పది దినాలు నిద్రుండది, చెమటలు వోస్తయి, కాళ్ల మంట ముందటికన్న ఎక్కువైతది” అన్నది ఆమె.

నొప్పి తగ్గిందా అని ఆయనను అడిగాను. కొంచెంసేపు ఆలోచించి చెప్పాడు:

“ఇదేసుకుంటె నొప్పి తెలుస్తలేదు సార్. గని కాలు యాడ వడుతున్నదో గూడ తెలుస్తలేదు.”

ఇరుకైన దారికి ఇరువైపులా మగ్గాలు తిరుగుతూండగా, కాలు ఎక్కడ పడుతున్నదో తెలియని మనిషి రాత్రి పాళీకి వెళుతున్నాడు. ఈ వారం రాజధాని రాజకీయాలను పక్కనపెట్టి ఒక మాత్రను గురించి వ్రాయవలసివచ్చిందంటే కారణం ఆ ఒక్క వాక్యం.

అయిదు ప్రశ్నలు

ఈ మందు నాకు పరాయిది కాదని కూడా పాఠకులకు విన్నవించుకోవాలి. కొన్నేళ్లక్రితం నడుముచుట్టూ సర్పి లేచింది. పొక్కులు మాడిపోయినా మంట పోలేదు. చొక్కా అంచు తగిలితే నిప్పు తగిలినట్లుండేది. ఢిల్లీలో నేను సంప్రదించిన నరాల వైద్యుడు ఇదే మందు వ్రాస్తూ, కలం కాగితంపై పెట్టేముందు అయిదు ప్రశ్నలు అడిగాడు. మూత్రపిండాలు ఎలా ఉన్నాయి, రక్తపరీక్ష ఎప్పుడు చేయించావు? నిద్రమాత్రలు, ఇతర నొప్పిమందులు, మద్యం ఏమైనా వాడతావా? ఉబ్బసం వంటి ఊపిరితిత్తుల జబ్బు ఉన్నదా? ఎప్పుడైనా దిగులుతో కుంగిపోయావా? బండి నడుపుతావా, యంత్రాల దగ్గర పని ఉన్నదా? చివర ఒక హెచ్చరిక చేశాడు. తగ్గింది కదా అని నాతో చెప్పకుండా మానవద్దు అన్నాడు.

మూడవనాడు లోక్ సభ పత్రికా ప్రతినిధుల గ్యాలరీలో కూర్చుని, కీలకమైన చర్చ మధ్యలో కునుకు తీశాను. సభ్యులు బల్లలు చరిచిన చప్పుడుకు మెలకువ వచ్చింది. పక్కనున్న మిత్రుడు తన నోటు పుస్తకం ఇచ్చి ఆదుకోకపోతే, ఆనాటి వార్త ఈ పత్రికలో వచ్చేది కాదు. నాకు జరిగిన నష్టం అంతే. నా ముందు తిరిగే యంత్రం లేదు. ఒక సవరణ తీర్మానం మాత్రమే ఉన్నది.

రెండు నెలల తరువాత మంట తగ్గింది. చదువుకున్నవాడినన్న అహంకారంతో, వైద్యుని హెచ్చరిక మరచి, ఒక్కసారిగా మందు మానివేశాను. రెండు రాత్రులు నిద్ర లేదు. గుండెదడ, చెమటలు, కారణం లేని భయం. ఫోను చేస్తే వైద్యుడు మందలించి, మళ్లీ మొదలుపెట్టించి, మెల్లగా తగ్గిస్తూ మాన్పించాడు. లింబాయత్ లోని ఆ ఇల్లాలు చెప్పిన నిద్రలేమి, చెమటలు నేను ఎరిగినవే. నాకు అది ఒకసారి వచ్చింది. ఆమెకు ప్రతి నెలా వస్తున్నది. నేను ఫోను చేయడానికి ఒక వైద్యుడు ఉన్నాడు.

ఈ మందు చేసే పని

గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ అనే ఈ అన్నదమ్ముల వంటి మందులు మామూలు నొప్పిమాత్రల జాతికి చెందినవి కావు. వాపును తగ్గించేవీ కావు. మూర్ఛరోగానికి మందు వెదకుతూ శాస్త్రజ్ఞులు కనుగొన్నవి. దెబ్బ తగిలినప్పుడు కలిగే నొప్పి వేరు. దెబ్బ ఏదీ లేకుండానే, పాడైన నాడి తనంత తానుగా మెదడుకు పంపే తప్పుడు కబురు వేరు. ఈ రెండవదే నరాల నొప్పి. నాడీకణాల పైపొరలో కాల్షియం లోనికి ప్రవేశించే ద్వారాలు ఉంటాయి. ఈ మందు ఆ ద్వారాలలో ఒక భాగాన్ని పట్టుకొని, నాడినుంచి నాడికి కబురు చేరవేసే రసాయనాల విడుదలను తగ్గిస్తుంది. తప్పుడు కబురు సద్దుమణుగుతుంది. అయితే మెదడులో అదే పనిని కొంత అతిగా చేయడం వలన తూలు, మగత, చూపు మసకబారడం, నడకలో పట్టు తప్పడం కలుగుతాయి. కొందరికి పాదాలు వాస్తాయి, కొందరు బరువు పెరుగుతారు.

ఆ ఇల్లాలి పాదాలు కూడా వాచి ఉన్నాయి. షుగర్ వలన కాబోలునని ఆమె అనుకుంటున్నది. షుగరే కావచ్చు, మూత్రపిండాలు కావచ్చు, ఈ మాత్రే కావచ్చు. ఈ మందు కాలేయంలో విరగదు. దాదాపుగా ఉన్నది ఉన్నట్లే మూత్రపిండాల గుండా బయటికి పోవాలి. దీర్ఘకాల మధుమేహంలో మొదట దెబ్బతినే అవయవాలలో మూత్రపిండాలు ఉన్నాయి. అవి నెమ్మదిస్తే మందు ఒంట్లో పేరుకొంటుంది. నిన్నటి సరియైన మోతాదు నేడు అతి మోతాదు అవుతుంది. అందుకే ఏడాదికి ఒకసారైనా రక్తపరీక్ష కావాలి. రెండేళ్లుగా ఆమెకు అది జరగలేదు.

మధుమేహం వలన వచ్చే నాడీబాధకు, సర్పి తరువాత మిగిలే మంటకు ఈ మందు పనిచేస్తుందనడంలో సందేహం లేదు. కాని ఎంతగా? వైద్యపరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2017లో తేల్చిన లెక్క ఇది. మధుమేహపు నాడీబాధ ఉన్నవారు రోజుకు 1200 మిల్లీగ్రాములు, అంతకు పైబడి గాబాపెంటిన్ వాడినప్పుడు నూటికి 38 మందికి నొప్పి సగమో అంతకన్న ఎక్కువగానో తగ్గింది. ఉత్త పిండిమాత్ర మింగినవారిలో నూటికి 21 మందికి ఆపాటి ఉపశమనం కలిగింది. తగ్గినవారికి అది వరం. తగ్గనివారు చాలామంది ఉన్నారు. కొన్ని వారాలు చూసి, గుణం లేకపోతే మెల్లగా మాన్పించడం వైద్యుని కర్తవ్యం. చూసే వైద్యుడే లేనిచోట తగ్గనివాడు కూడా మింగుతూనే ఉంటాడు.

చేయని పని

భర్త సంగతి వేరు. ఆయనది నడుమునుంచి కాలికి పాకే నొప్పి. ఆయన చెప్పిన వర్ణన సయాటికాను పోలి ఉన్నది. నరం పేరు వినబడగానే నరాల మాత్ర పనిచేస్తుందనుకోవడం సహజం. ఆస్ట్రేలియాలోని సిడ్నీ పరిశోధకులు ఈ విషయాన్నే పరీక్షకు పెట్టారు. 209 మంది సయాటికా రోగులలో కొందరికి ప్రెగాబాలిన్, కొందరికి పిండిమాత్ర ఎనిమిది వారాలు ఇచ్చి చూశారు. 2017లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ ప్రచురించిన ఫలితం సూటిగా ఉన్నది: కాలినొప్పి విషయంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు, తూలు మాత్రం మందు మింగినవారికి ఎక్కువ.

అంటే ఆ ఇంట్లో జరుగుతున్నదేమిటి? మందు అవసరమైన మనిషికి నెలలో పది రోజులు మందు లేదు. మందు వలన మేలు కలుగుతుందని రుజువు కాని మనిషికి మేలు అనుమానం, తూలు ఖాయం. ఇద్దరూ దానికి డబ్బు చెల్లిస్తున్నారు. దొంగతనం లేదు, దురలవాటు లేదు. ఉన్నది ఒకరిపట్ల ఒకరికి ప్రేమ, ఒకే పట్టీ.

భాష చేసిన అపకారం కూడా ఇందులో కొంత ఉన్నది. తెలుగువాడికి నొప్పిని చెప్పడానికి మాటల కరవు లేదు. తిమ్మిరి వేరు, మంట వేరు. పోటు వేరు, సలుపు వేరు. చీమలు పాకినట్లుండడం వేరు, జివ్వున లాగడం వేరు. నరాల నొప్పిని పోల్చుకోవడానికి వైద్యుడు మొదట వెదికేది ఈ మాటలనే. ఏ యంత్రం తీసిన ఏ చిత్రంలోనూ మంట కనబడదు. కాని గుజరాతీ, హిందీ తప్ప తెలియని డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఈ మాటలన్నీ ‘దర్ద్’ అనే ఒక్క మాటలో కలిసిపోతాయి. అరికాలి మంటా దర్దే, నడుము నొప్పీ దర్దే. ఒకే మాటకు ఒకే మాత్ర వస్తే ఆశ్చర్యమేమున్నది?

అమెరికా నేర్చిన పాఠం

మందు తన హద్దులు దాటి అమ్ముడుపోవడం మన దేశానికే పరిమితమైన కథ కాదు. గాబాపెంటిన్ కు అమెరికాలో 1993లో అనుమతి లభించినది మూర్ఛరోగానికి సహాయక ఔషధంగా మాత్రమే. నొప్పులకు, మనోవ్యాధులకు కూడా దివ్యంగా పనిచేస్తుందని వైద్యులలో ప్రచారం చేయడానికి కంపెనీ పూనుకున్నది. అందులో ఉద్యోగిగా కొద్ది నెలలు మాత్రమే ఉన్న డేవిడ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రజ్ఞుడు 1996లో న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. 2004లో వార్నర్-లాంబర్ట్ కంపెనీ నేరం అంగీకరించింది. అప్పటికి దానిని సొంతం చేసుకొని ఉన్న ఫైజర్ 43 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది. సర్పి తరువాతి నొప్పికి ఈ మందు వాడవచ్చునని సక్రమంగా అనుమతి వచ్చినది 2002లో. ఆలోగా ఎందరు దేనికి మింగారో!

ప్రెగాబాలిన్ 2004 చివరలో అక్కడి విపణికి అనుమతి పొందగా, 2005లోనే దానిని నియంత్రిత ద్రవ్యాల జాబితాలో చేర్చారు. మూర్ఛకు వాడే మందులన్నిటితో పాటు ఈ రెండూ ఆత్మహత్యా భావాలను ప్రేరేపించవచ్చునని 2008లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. నల్లమందు జాతి మందులతోనో, మత్తు కలిగించే ఇతర మందులతోనో కలిపితే, లేదా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు, వృద్ధులు వాడితే ఊపిరి మందగించి ప్రాణాపాయం కలుగవచ్చునని 2019 డిసెంబరులో మరొక హెచ్చరిక వచ్చింది. బ్రిటన్ అదే సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి రెండింటినీ నియంత్రిత ఔషధాలుగా మార్చింది. ప్రెగాబాలిన్ ను గర్భిణులు వాడరాదని, తప్పనిసరి అయితే వైద్యుని సలహాపైనే వాడాలని అక్కడ 2022లో హెచ్చరించారు. మనదేశంలో పంజాబు జిల్లాలు కొన్నింటిలో మత్తుకోసం ఈ మందును మింగుతున్నారని గుర్తించి, జిల్లా మేజిస్ట్రేట్లు అమ్మకాలపై ఆంక్షలు విధించారు.

అయితే దీనిని నిషేధించడమే మార్గమా? ఆ మాట అనేముందు అరికాళ్ల మంటతో రాత్రంతా కూర్చునే మనిషిని తలచుకోవాలి. 2023లో వెలువడిన భారత వైద్యపరిశోధనా మండలి వారి సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహ రోగులు 10 కోట్ల మంది. వారిలో నరాలు దెబ్బతినేవారికి వాడదగిన మందులు వ్రేళ్లపై లెక్కపెట్టవచ్చు. మత్తుకోసం మింగేవాడిని ఆపబోయి, మంట చల్లారడానికి మింగేవాడి చేతిలోనిది లాక్కోవడం న్యాయం కాదు.

చట్టం ఢిల్లీలో, నొప్పి లింబాయత్ లో

వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని మాత్రల పట్టీమీదే అచ్చువేసి ఉంటుంది, ఎర్రగీతతో సహా. ఆ హెచ్చరిక ఇంగ్లీషులో ఉంటుంది. ఇంగ్లీషు సాహిత్యం చదివి పట్టా పుచ్చుకున్న ఈ విలేఖరి దానిని చదవగలిగాడు, అయినా పాటించలేదు. చదవలేనివారిని తప్పుపట్టే హక్కు ఎవరికున్నది?

చట్టం లేకపోలేదు. 1940 నాటి ఔషధాల చట్టం ఉన్నది, 1945 నాటి నిబంధనలు ఉన్నవి. 2013లో ‘హెచ్-1’ అనే కొత్త జాబితా సృష్టించి, అందులోని మందులు అమ్మే దుకాణదారు వైద్యుని పేరు, రోగి పేరు ప్రత్యేక పుస్తకంలో వ్రాసి మూడేళ్లు భద్రపరచాలని శాసించారు. 2012 మే నెలలో పార్లమెంటు ఆరోగ్యశాఖ స్థాయీ సంఘం తన 59వ నివేదికలో కేంద్ర ఔషధ నియంత్రణ వ్యవస్థను తూర్పారబట్టిన సంగతి పాఠకులకు గుర్తుండవచ్చు. కేంద్రం అనుమతి లేకుండానే రాష్ట్రాల లైసెన్సులతో రెండు మూడు మందులు కలిపిన మాత్రలు విపణిలోకి వస్తున్నవని ఆ సంఘం ఎత్తిచూపింది. అటువంటి మిశ్రమాలు 344 రకాలను 2016 మార్చిలో నిషేధించారు. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు ఎక్కి, 2018 సెప్టెంబరులో 328 రకాల నిషేధంగా పరిణమించింది. ఆరేళ్లు పట్టినా, సభాసంఘం మాట వృథా కాలేదు.

కాని చీటీ చూపమని దుకాణదారును నిలదీసే చట్టం, ఆ చీటీ వ్రాసే వైద్యుడు ఎక్కడున్నాడని అడగదు. అసలు ప్రశ్న అదే. పది మంది, అంతకు పైబడి పనిచేసే కర్మాగారాలకు కార్మిక రాజ్య బీమా వర్తిస్తుంది. దాని చేత కార్మికునికి, కుటుంబానికి వైద్యం దొరకాలి. మరమగ్గాల షెడ్లను కాగితంపై చిన్నచిన్న యూనిట్లుగా ముక్కలు చేసి చట్టానికి అందకుండా నడపడం ఆ పరిశ్రమ ఎరిగిన పాత విద్య. 2020 సెప్టెంబరులో ప్రతిపక్షం సభలో లేని వేళ పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతా స్మృతి, విద్యుత్తు వాడే కర్మాగారం అనిపించుకోవడానికి కావలసిన కార్మికుల సంఖ్యను పదినుంచి ఇరవైకి పెంచింది. ముక్కలు చేసే శ్రమ కూడా కొంత తగ్గింది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమా ఆసుపత్రిలో చేరినవారికి వర్తిస్తుంది. అరికాలి మంటకు ఎవరినీ ఆసుపత్రిలో చేర్చుకోరు. నడిచి వచ్చి, మందు వ్రాయించుకొని, నడిచి వెళ్లే రోగం బీమా లెక్కలో రోగమే కాదు.

ఇక సొంతగడ్డ మాట. సూరత్, భీవండి, షోలాపూర్ లకు వలసపోయిన నేతకార్మికులను తిరిగి రప్పించాలన్న సంకల్పంతోనే 2017 అక్టోబరులో వరంగల్ వద్ద కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. ఆ సంకల్పం మెచ్చదగినది. కాని యాభై దాటిన మనిషి కొత్త మగ్గం కోసం తిరిగి వస్తాడనుకోవడం అత్యాశ. ఆయన నొప్పికి జవాబు ఆయన ఉన్నచోటనే వెదకాలి.

చీపురు నేర్పిన నీతి

అందుకు సూరత్ చరిత్రలోనే ఒక దారి ఉన్నది. 1994 సెప్టెంబరులో ఆ నగరంలో ప్లేగు పుకారు, ప్లేగు భయం, ప్లేగు మరణాలు ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడు లక్షలాది జనం ఊరు విడిచి పారిపోయారు. టెట్రాసైక్లిన్ మాత్రల కోసం దుకాణాలపై ఎగబడ్డారు. మాత్ర ఆ వారం ప్రాణాలను నిలబెట్టింది. నగరాన్ని నిలబెట్టింది మాత్రం మరుసటి సంవత్సరం మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు అనే తెలుగు అధికారి చేతిలోని చీపురు. అధికారులను గదులలోనుంచి వీధులలోకి నడిపించి, చెత్త ఎత్తించి, మురుగు కదిలించి, దేశంలోనే మురికి నగరమని పేరుపడినదానిని రెండేళ్లు తిరగకముందే శుభ్రతకు పేరెన్నికగన్న నగరంగా మార్చాడు. మాత్ర రోగాన్ని అణచవచ్చు. రోగం పుట్టే చోటును మార్చడానికి మనిషి కదలాలి.

నరాల నొప్పి విషయంలో ఆ చీపురు ఏది? కొండలు తవ్వనవసరం లేదు. మగ్గాల పేటలోని ఆరోగ్యకేంద్రంలో వారానికి ఒక పూట తెలుగు తెలిసిన సిబ్బంది కూర్చుని, ‘మంటా, తిమ్మిరా, లాగుడా’ అని అడగగలిగితే చాలు. మధుమేహ రోగి పాదాన్ని సన్నని నైలాన్ తీగతో తాకి స్పర్శ ఉన్నదో లేదో తెలుసుకునే పరీక్షకు నిమిషాలు చాలు. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారిలో బి-12 విటమిను తగ్గి కూడా నరాలు దెబ్బతినవచ్చు. అది గుర్తించి సరిచేస్తే, ఒక్కొక్కప్పుడు నరాల మాత్ర అవసరమే తప్పవచ్చు. హెచ్చరిక పట్టీమీద ఇంగ్లీషుతో పాటు రోగి భాషలో ఒక కాగితం జతచేయవచ్చు: మగత వస్తుంది, యంత్రం దగ్గర జాగ్రత్త, మద్యంతో, నిద్రమాత్రతో కలపవద్దు, హఠాత్తుగా మానవద్దు, ఇతరులకు ఇవ్వవద్దు. నడుము నొప్పికి మొదటి మందు మాత్ర కాదు. పాళీలో రెండుసార్లు కూర్చోనిచ్చే స్టూలు, ఎనిమిది గంటలకు ఇంటికి పంపే గడియారం. అందుకు చట్టాలు చాలవనడం కుదరదు. పన్నెండు గంటల పాళీని చూడడానికి వెళ్లే ఇన్స్‌పెక్టరు చాలడం లేదు.

బయలుదేరేముందు ఆ దంపతులకు ఒక సలహా అయినా చెప్పకుండా రావడానికి మనస్కరించలేదు. ఆయనతో, రాత్రి పాళీకి ముందు ఈ మాత్ర వేసుకోవద్దని, నడుము నొప్పికి ముందు ఒక డాక్టరుకు చూపించుకోమని చెప్పాను. తల ఊపాడు. ఆమె తలుపుదాకా వచ్చింది.

“మీరు గూడ ఇదే గోలీ ఏసుకున్ననంటిరి గద సార్. నేను ఇంకెన్నొద్దులు ఏసుకోవాలె? ఎప్పుడు మానాలె?”

నాకు తెలిసినదల్లా నా వైద్యుడు నాతో చెప్పిన మాటే. డాక్టరును అడగకుండా మానవద్దమ్మా అన్నాను.

ఆమె ప్లాస్టిక్ సంచిలోని చీటీ తీసి చూసింది. దానిపై ఉన్న సంతకం కరీంనగర్ లో ఉన్నది. మాత్రల పట్టీ సూరత్ లో ఉన్నది. చట్టం ఢిల్లీలో ఉన్నది.

“ఏ డాక్టర్ను సార్?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు సభలో ఏ మంత్రిగారు సమాధానం చెప్పవలసి ఉంటుందో ముప్పై ఏళ్ల విలేఖరి అనుభవం నాకు తోడ్పడలేదు. పార్లమెంటు సభ్యులలో ఎవరైనా అడిగి చూడగోరుతున్నాను.